ఇరవై ఎనిమిదో గీత

పాల సెంటరు తమ వీధి చివరికే వచ్చేసిందన్న సంబరంలో ఆమె ఆ సోమవారం రోజూ కన్నా గంట ఆలస్యంగా లేచింది. ఎనిమిదేళ్లలో అలాంటి సుఖం ఎరగదు. ఆదివారం దాకా ఆమె బతుకు వేరు. వెలుతురు రాకముందే రెండావుల పాలూ పిండి, పది లీటర్ల క్యాను నెత్తికెత్తుకుని, గంటసేపు చలిగాలికి ఎదురు నడిచి పాత సెంటరుకు చేరేది. అందరికన్నా దూరం ఆమెదే, అందరికన్నా ముందు చేరేదీ ఆమే. అందుకే అందరూ ఆమెను ఫస్టక్క అనేవాళ్లు. సొంత పేరు సభ్యత్వం కార్డు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు లోలోపల కాస్త గర్వం కూడా.

ఇప్పుడు సెంటరు నాలుగిళ్ల అవతల. తెల్లావు పాలూ ఒంటికొమ్ముదాని పాలూ కలిపి గుడ్డలో వడగట్టి, మూత బిగించి, చెప్పులు కూడా వేసుకోకుండా బయలుదేరింది. క్యానులో నురుగు ఇంకా చిటపటమంటూనే ఉంది. ఈ మాత్రం దూరానికి నెత్తెందుకని నడుముకు ఆనించి పట్టుకుంది. చీరలోంచి పాల వెచ్చదనం ఒంటికి హాయిగా తగిలింది. పిండిన పది నిమిషాలకే పాలు అందించడమంటే మాటలా, ఇంతకన్నా తాజా పాలు ఎవరిస్తారో చూద్దాం అనుకుంది.

టెస్టరు అప్పుడే గది తాళం తీస్తున్నాడు. ముప్పై ఏళ్లుంటాయి, పాత సెంటరు నుంచి మారి వచ్చినవాడే.

"ఇక్కడ కూడా నువ్వేనా ఫస్టక్కా?" అన్నాడు నవ్వుతూ.

"నాలుగిళ్ల దూరంలో ఉండి రెండోదాన్నైతే పరువు పోదూ?" అంది.

అతను గరిటెతో పాలను కింది నుంచి పైకి కలిపి, పొడవాటి గాజు గొట్టంలోకి పోసి, మీటరు వదిలాడు. మీటరంటే ఇంకేం కాదు, అడుగున బరువున్న గాజు బుడ్డి, దాని మీద సన్నటి కాడ, కాడ మీద గీతలూ అంకెలూ. చిక్కటి పాలలో పైకి తేలుతుంది, పల్చటి పాలలో లోపలికి దిగుతుంది. ఇరవై ఎనిమిది గాని అంతకన్నా ఎక్కువ గాని చూపిస్తే పాలు మంచివి. తక్కువ చూపిస్తే నీళ్లు కలిసినట్లు. ఆ గదిలో సాక్షీ అదే, జడ్జీ అదే. దాని మీద అప్పీలు లేదు.

మీటరు రెండుసార్లు ఊగి, దిగి, ఆగింది. టెస్టరు వంగి చూశాడు. తీసి, గుడ్డతో తుడిచి మళ్లీ వదిలాడు. మళ్లీ వంగాడు. అతని ముఖంలో నవ్వు ఎప్పుడు పోయిందో ఆమె గమనించలేదు, ఎందుకంటే ఆమె మూత మీది నురుగు తుడుచుకుంటోంది.

"ఇరవై ఆరు" అన్నాడు.

"ఏంటి ఇరవై ఆరు?"

"నీ పాలక్కా. నీళ్లు కలిశాయి."

ఆమె నవ్వేసింది. అతను నవ్వలేదు. ఈలోగా వెనక నలుగురు చేరారు. సైకిలు తాత, కవల పిల్లల తల్లి, ఇంకెవరో. వాళ్ల వెనక పెద్ద కొట్టం ఆయన మోటారు సైకిలు ఆపాడు. ఇరవై ఆవులూ, పాల క్యాన్లు ముంచి ఉంచడానికి మంచుముక్కల తొట్టీ ఉన్న మనిషి. ఆయన క్యాన్లకు ఎప్పుడూ బయట చెమ్మ పట్టి ఉంటుంది.

"తమ్ముడూ, సరిగ్గా చూడు. ఎనిమిదేళ్లుగా నా పాలు ఎరుగుదువు" అంది.

"ఎరుగుదును కాబట్టే రెండుసార్లు చూశాను."

"అప్పుడే పిండాను, వచ్చాను. ముట్టుకుని చూడు, ఇంకా వెచ్చగా ఉన్నాయి."

పెద్ద కొట్టం ఆయన ముందుకొచ్చి, చూపుడు వేలు క్యాను మీద ఆనించి తీశాడు. "నిజమే, వెచ్చగానే ఉన్నాయి. చన్నీళ్లు పోస్తే దొరికిపోతానని వేడినీళ్లు పోసినట్లుంది" అన్నాడు. వెనక ఇద్దరు కిసుక్కుమన్నారు.

"అప్పుడే పిండిన పాలు వెచ్చగా కాక మంచులా ఉంటాయా?" అని ఆమె అరిచింది. అరిచిన ఆ మాటలోనే తన నిర్దోషిత్వం మొత్తం ఉందని ఆమెకు తెలియదు. వినేవాళ్లకూ తెలియదు.

సెంటరు నియమం గోడకు అతికించి ఉంది. ఇరవై ఎనిమిదికి తగ్గిన పాలు తెచ్చినవాళ్ల ఎదుటే కాలవలో పారబోయాలి. కార్డు మీద ఎర్ర గుర్తు పెట్టాలి. మూడో గుర్తు పడిన రోజు కార్డు రద్దు. కార్డు పోతే పాలు కొనేవాళ్లుండరు, దాణా రాదు, ఆవులకు జబ్బు చేస్తే డాక్టరు రాడు. భర్తకు రాళ్లు కొట్టే పని నెలకు పది రోజులుంటే గొప్ప. అంటే ఆ అట్టముక్క మీదే ఆ ఇల్లు నిలబడి ఉంది.

టెస్టరు క్యాను వంచాడు. పది లీటర్ల పాలు గడప పక్క కాలవలోకి దూకి, వరసలో ఉన్నవాళ్ల కాళ్ల పక్కనుంచి తెల్లగా పారుకుంటూ పోయాయి. అందరూ చెప్పులు తడవకుండా ఒక అడుగు వెనక్కి వేశారు. ఆమె మాత్రం వెయ్యలేదు. వట్టికాళ్ల వేళ్ల మధ్య నుంచి పాలు పోతుంటే ఇంకా ఆ వెచ్చదనం తెలుస్తూనే ఉంది.

*

ఇంటికొచ్చి ఖాళీ క్యాను గుంజకు తగిలించి, ఆమె లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టింది. తను కలపలేదు. ఆవులు కలపవు. మరి నీళ్లెక్కడివి?

ఇంట్లో ఇంకొక మనిషి ఉంది. అత్తగారు. చూపు దాదాపు పోయింది. వెలుతురూ నీడా తప్ప ఏమీ ఆనవు. ఆ ఇంట్లో ఆమెకు మిగిలిన పని ఒక్కటే, క్యాను కడగడం. రోజూ మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని, క్యాను ఒళ్లో పెట్టుకుని, బూడిదతో తోమి, మూడు నీళ్లలో కడిగి, వేళ్లతో లోపలంతా తడిమి చూసి, బోర్లించి పెడుతుంది. ఆ పని చేసేటప్పుడు ఎవరైనా వచ్చి పలకరిస్తే, "ఉండు, పనిలో ఉన్నా" అంటుంది దర్జాగా.

"అత్తయ్యా, నిన్న క్యాను సరిగ్గా వార్చావా?" అని అడిగింది కోడలు.

"వార్చకేం?"

"అడుగున నీళ్లు మిగిలాయేమో."

ముసలామె తల తిప్పింది. చూపు లేని కళ్లు కోడలి గొంతు వచ్చిన వైపు నిలిచాయి. "చుక్క నీళ్లు మిగిల్తే నా వేళ్లకు తెలీదా అమ్మాయ్?"

"ఏమో, తెలిస్తే ఇలా ఎందుకవుతుంది? పాలన్నీ కాలవ పాలయ్యాయి. నలుగురిలో నా ముఖాన ఉమ్మేసినంత పనైంది. ఇక నుంచి క్యాను నేనే కడుక్కుంటాను. నువ్వు ముట్టుకోకు."

అనేశాక, అనకుండా ఉండాల్సిందని అనిపించింది. పది లీటర్ల పాలను ఇరవై ఆరుకు దించాలంటే అడుగున మిగిలిన చుక్కలు చాలవు, చెంబుడు నీళ్లు పోయాలి. ఆ మాత్రం ఆమెకూ తెలుసు. కానీ కోపం ఎవరో ఒకరి మీద పడాలి కదా. ముసలామె ఒళ్లో చేతులు రెండూ పెట్టుకుని, వేళ్లు ఒకదానితో ఒకటి రుద్దుకుంటూ కూర్చుంది.

మంగళవారం ఆమె ప్రాణం పెట్టి జాగ్రత్తపడింది. క్యాను తనే తోమింది. ఒక్క చుక్క తడి కూడా ఉండకూడదని పొయ్యి మీద బోర్లించి, చెయ్యి కాలేదాకా కాచింది. పొదుగులు కడిగాక ఒకటికి రెండుసార్లు పొడిగుడ్డతో తుడిచింది. వేడి క్యానులోకే పాలు వడగట్టింది. గాలిలో తేమ కూడా తగలకూడదని క్యాను చుట్టూ దుప్పటి చుట్టి, నాలుగిళ్ల దూరం దాదాపు పరుగెత్తింది. దొంగ రాకూడదని ఇంటి తలుపులన్నీ బిగించుకుని, ఆ దొంగనే ఇంట్లో పెట్టుకున్నట్లు అయింది ఆమె పని.

మీటరు నిన్నటికన్నా లోతుకు దిగింది.

"ఇరవై అయిదున్నర" అన్నాడు టెస్టరు. చెప్పడానికి అతనికీ నోరు రావడం లేదు. "అక్కా, నిన్న చెప్పిన తర్వాత కూడా ఇలా చేస్తే నేనేం చెయ్యను?"

ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. "నేను కలపలేదు. నా రెక్కల మీద ఒట్టు, నా ఆవుల మీద ఒట్టు. నీ మీటరు పాడైంది."

"పాడైతే అందరికీ తప్పే చూపించాలి కదా." అతను తర్వాతి క్యానులోంచి పాలు తీసి వదిలాడు. అది సైకిలు తాతది. తాత ఇప్పుడు ముప్పావుగంట సైకిలు తొక్కుకుంటూ వస్తాడు. ఇరవై ఎనిమిదిన్నర. పెద్ద కొట్టం ఆయనది ఇరవై తొమ్మిది. "చూశావా? వీళ్లందరికీ మంచిదై నీ ఒక్కదానికే పాడైందా?"

ఆమె గదంతా చూసింది. చివరికి కాగితాల బల్ల మీద చెయ్యి వేసి, "పైవాళ్లకు రాయి. వచ్చి పరీక్ష చెయ్యమను. నా ముందే రాయి" అంది.

"మొన్ననే వచ్చి వెళ్లారు. మళ్లీ వచ్చే నెలే."

"రాయి ముందు."

అతను రాశాడు. రాసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. పంపడులే అని ఆమెకు ఆ మడతలోనే అర్థమైపోయింది. రెండో ఎర్ర గుర్తు వేసి కార్డు చేతికిచ్చాడు. ఆమె తిరిగి వస్తుంటే వరస చివర్నుంచి ఎవరో పక్కవాళ్లతో, "ఇప్పుడు ఫస్టక్క కాదు, నీళ్లక్క" అన్నారు. చిన్నగానే అన్నారు, వినపడాలనే అన్నారు.

ఆ సాయంత్రం భర్త పని నుంచి వచ్చాడు. రాతి పొడితో కనురెప్పలు కూడా తెల్లగా ఉన్నాయి. సంగతి దారిలోనే తెలిసినట్లుంది. కాళ్లు కడుక్కుని, ఆమె ఇచ్చిన టీ తాగి, గ్లాసు కింద పెట్టాడు. మామూలుగా మాట్లాడే మనిషే కాదు. అలాంటిది, చాలాసేపు మాటలు కూడదీసుకుని, "ఒకటి అడుగుతా, ఏమనుకోకు" అన్నాడు.

"అడుగు."

"కలిపావా?"

ఆమె అతని వైపు చూసింది.

"కలిపినా నేనేమీ అనను. ఇల్లు గడవడం ఎంత కష్టమో నాకు తెలీదా? నాకు మాత్రం నిజం చెప్పు."

అతను అరిచి ఉంటే ఆమె తట్టుకునేది. కొట్టినా తిరగబడి ఉండేది. ఆ మెత్తటి మాట దగ్గర ఆమెకు ఏడవడం కూడా చేతకాలేదు. పదహారేళ్లు ఒక్క కప్పు కింద ఉన్న మనిషి, ఆమెను క్షమించడానికి ముందే సిద్ధమైపోయి కూర్చున్నాడు. గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. గోడవతల అత్తగారి మంచం కిర్రుమంది. ఆ మాట ఆమె కూడా విన్నదన్నమాట.

*

బుధవారం సెంటరుకు పోలేదు. మూడో గుర్తుకు ఎదురెళ్లే ధైర్యం లేదు. కానీ ఆవులకు ఈ గొడవ తెలియదు కదా. పొదుగులు బిగిసి అరుస్తుంటే పిండక తప్పలేదు. పిండిన పాలు బక్కెట్లో అలా ఉండిపోయాయి. దూడలకు పట్టినన్ని పట్టింది, ఇంట్లో తాగినన్ని తాగారు. ఎండెక్కే కొద్దీ మిగతావాటి వాసన మారుతోంది. పది గంటలకు చెంబుతో పాలు తీసుకుని పెద్ద రోడ్డు మీది టీ కొట్టుకు వెళ్లింది.

టీ కొట్టతను మంచివాడే. చెంబు మూత తీసి చూసి, మళ్లీ పెట్టేశాడు. "ఫస్టక్కా, నీ పాలు బాగుండవని కాదు. కానీ ఇప్పుడు నీ పాలతో టీ పెడుతున్నానంటే నా దగ్గరికెవరొస్తారు చెప్పు?"

"నువ్వు కూడా నమ్మావా?"

"నేను నమ్మడం, నమ్మకపోవడం కాదు." అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నువ్వు మరీ అమాయకురాలివి. మీటరుకు ఏం తెలుసు? బరువు తెలుసు, అంతే. పది లీటర్లకు రెండు గుప్పిళ్ల చక్కెర వేసి కరిగించు. దెబ్బకు పైకి లేస్తుంది. ఎవరు వెయ్యడం లేదనుకున్నావ్?"

"ఛీ" అంది ఆమె. చెంబు తీసుకుని వచ్చేసింది. ఇంటికొచ్చేసరికి బక్కెట్లో పాలు విరిగి, ముద్దలు ముద్దలుగా తేలుతున్నాయి. దొడ్లో గొయ్యి తీసి పోసింది. పోస్తూ ఉండగా, ఇలా ఎన్ని రోజులు పోస్తాను అనుకుంది. వారం? వారం తర్వాత ఏ ఆవును అమ్మాలి? తెల్లదాన్నా, ఒంటికొమ్ముదాన్నా? రెండూ ఆమె చేతిలో పుట్టినవే. ఒంటికొమ్ముది దూడగా ఉన్నప్పుడు కొమ్ము విరిగితే నెలరోజులు ఒళ్లో తల పెట్టుకుని మందు రాసింది.

గురువారం పొద్దున పాలు వడగట్టాక ఆమె వంటగదిలోకి వెళ్లి చక్కెర డబ్బా తీసింది. మూత గట్టిగా బిగుసుకుపోయి ఉంది. లాగితే టప్పుమని ఊడింది.

"టీ పెడుతున్నావా అమ్మాయ్?" అని అవతలి గదిలోంచి అత్తగారు అడిగింది.

"అవునత్తయ్యా."

రెండు గుప్పిళ్లు. వేసేటప్పుడు చెయ్యి వణికి కొంత నేల మీద పడింది. గరిటెతో అడుగు తగిలేదాకా కలిపింది. గరగర శబ్దం పూర్తిగా ఆగేదాకా కలుపుతూనే ఉంది. ఎనిమిదేళ్లలో ఎండాకాలం పాలు తగ్గినప్పుడు కూడా, పొదుగువాపుతో ఒంటికొమ్ముది రెండు నెలలు ఎండిపోయినప్పుడు కూడా, ఆమె ఒక చుక్క ఏదీ కలపలేదు. ఇప్పుడు కలిపింది. నిజం చెప్పి రెండు గుర్తులు వేయించుకుంది, ఇక అబద్ధం ఏం చేస్తుందో చూడాలి.

ఆ రోజు మొదట వెళ్లలేదు. ఆ మొండి సరదా ఎటు పోయిందో పోయింది. నలుగురి తర్వాత తలొంచుకుని నిలబడింది. టెస్టరు పాలు పోసి, మీటరు వదిలి, వంగాడు. ఆమె కళ్లు మూసుకుంది.

"ఇరవై ఎనిమిదిన్నర!" అన్నాడు అతను గట్టిగా, అందరికీ వినపడేలా. అతని ముఖం ఎంత వెలిగిపోయిందంటే, అతను కూడా ఈ మూడు రోజులూ సరిగ్గా నిద్రపోలేదేమో అనిపించింది. "చూశావా అక్కా? మంచిగా తెస్తే మంచిగానే వస్తుంది. నాకేమన్నా నీ మీద పగా?"

సైకిలు తాత వెనక నుంచి, "తప్పు తెలుసుకుంది, వదిలెయ్యండయ్యా" అన్నాడు దయగా. ఆ దయ ఆమె గొంతులో ముల్లులా దిగింది. మంచి పాలు తెచ్చిన రోజు దొంగ, దొంగ పాలు తెచ్చిన రోజు బుద్ధిమంతురాలు. ఖాళీ క్యానుతో ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు.

అత్తగారు ఆ రోజంతా టీ సంగతి అడగలేదు. పొద్దున పెట్టానన్న టీ ఎవరికీ రాలేదని కోడలికి సాయంత్రం గాని తట్టలేదు.

*

శుక్రవారం చక్కెర వేసేటప్పుడు చెయ్యి వణకలేదు. అదే ఆమెను భయపెట్టింది.

సెంటరు ముందు కొత్త జీపు ఆగి ఉంది. లోపల బల్ల దగ్గర ఒక పాతికేళ్ల అమ్మాయి, మెడలో గుర్తింపు కార్డు, ముందు ఒక చెక్కపెట్టె. పైనుంచి వచ్చిన సూపర్‌వైజరట. టెస్టరు మంగళవారమే కాగితం పంపించాడట. జేబులో మడత పెట్టుకున్న ఆ కాగితాన్నే. వచ్చే నెల దాకా రారని అతను నిజంగానే అనుకున్నాడు.

ఆమె వరసలో అయిదోది. వెనక్కి తిరిగి వెళ్లిపోదామనుకునేలోపే ఆరోవాళ్లు, ఏడోవాళ్లు వచ్చి నిలబడ్డారు.

"థర్మామీటరు ఏది?" అని సూపర్‌వైజరు టెస్టరును అడుగుతోంది.

"పాత సెంటరులోనే పగిలిపోయిందండీ."

"ఎప్పుడు?"

"రెండేళ్లవుతుంది. దాని అవసరం ఎప్పుడూ పడలేదండీ. మీటరు బాగానే ఉంది కదా అని."

ఆ అమ్మాయి కోప్పడలేదు. సైకిలు తాత క్యానులోంచి పాలు తీసి గొట్టంలో పోసి మీటరు వదిలింది. ఇరవై ఎనిమిదిన్నర. "అందరూ చూశారా?" అని, టీ కొట్టు నుంచి బక్కెట్టుడు వేడినీళ్లు తెప్పించి, ఆ గొట్టాన్ని అలాగే అందులో నిలబెట్టింది. మీటరు తియ్యలేదు, పాలు మార్చలేదు, చుక్క నీళ్లు లోపలికి పోలేదు. గొట్టం నోరు తన చేత్తోనే పట్టుకుని కూర్చుంది. వరసలోని వాళ్లంతా క్యాన్లు కింద పెట్టి చుట్టూ మూగారు.

మీటరు నెమ్మదిగా దిగడం మొదలుపెట్టింది. ఇరవై ఎనిమిది. ఇరవై ఏడు. ఇరవై ఆరు.

"తాతా, నీళ్లు ఎప్పుడు కలిపావు?" అంది ఆ అమ్మాయి.

"నేనా? నేనెక్కడ కలిపానమ్మా!" తాత గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు.

"కలపలేదు. మనందరం చూస్తూనే ఉన్నాం. వేడి తగిలితే ఏదైనా కాస్త పొంగుతుంది. అవే పాలు కాస్త ఎక్కువ చోటు తీసుకుంటాయి. అంటే గరిటెడు పాలలో అంతకు ముందున్నంత బరువు ఉండదు. మీటరును పైకి మొయ్యలేవు, అది దిగిపోతుంది. చల్లారితే మళ్లీ దగ్గరపడతాయి, మళ్లీ పైకి లేపుతాయి." గొట్టం తీసి చన్నీళ్లలో పెట్టింది. కొంతసేపటికి మీటరు మళ్లీ ఇరవై ఎనిమిదిన్నరకు వచ్చి నిలిచింది. "అందుకే పాలు ఎంత వెచ్చగా ఉన్నాయో చూసి, లెక్క సరిచేసుకోవాలి. లేదా చల్లారేదాకా ఆగాలి. ఇన్నాళ్లూ మీరంతా ఎంతో కొంత దూరం నడిచొచ్చేవాళ్లు. దారిలోనే చల్లారిపోయేవి. కాబట్టి తప్పు బయటపడలేదు."

తర్వాత పెద్ద కొట్టం ఆయన క్యాను ముందుకు లాక్కుంది. మీటరు ఇరవై ఎనిమిదిన్నర చూపించింది. ఆయన మీసం సవరించుకున్నాడు. ఆ అమ్మాయి తన థర్మామీటరు ముంచి చూసి, కాగితం మీద పట్టిక చూసి, "ఇవి మంచుతొట్టిలోంచి వచ్చాయి. అందుకని ఎక్కువ చూపిస్తున్నాయి. అసలు లెక్క ఇరవై ఆరు. మీ కార్డు ఇవ్వండి" అంది. ఆయన చెయ్యి మీసం దగ్గరే ఆగిపోయింది. ఈసారి ఎవరూ కిసుక్కుమనలేదు. అంత పెద్ద క్యాన్లలో, అన్నేళ్లుగా నీళ్లు.

ఫస్టక్క ఇదంతా చూసింది. ఆ గాజు కాడ దిగుతున్న ఒక్కో గీతకూ ఆమెకు ఒక్కో రోజు అర్థమవుతూ వచ్చింది. సోమవారం పాలు మంచివి. మంగళవారం పాలు మంచివి. పొయ్యి మీద కాచిన క్యాను, చుట్టిన దుప్పటి, అన్నీ తన చేత్తో తనే చేసుకున్నది. అత్తగారి వేళ్లు తప్పు చెప్పలేదు. భర్త క్షమించడానికి ఏమీ లేదు. ఎనిమిదేళ్ల మంచితనం ఎక్కడికీ పోలేదు, బుధవారం దాకా ఉన్నచోటే ఉంది.

"ఫిర్యాదు రాయించిన ఆమె ఎవరు?" అంది సూపర్‌వైజరు.

అందరూ పక్కకు జరిగి దారి ఇచ్చారు. టెస్టరు రెండడుగులు వేసి ఆమె ముందు చేతులు జోడించాడు. "అక్కా, నాదే తప్పు. నేను గుడ్డివాణ్ణి. నలుగురిలో నీ పరువు తీశాను, నలుగురిలోనే చెబుతున్నా" అన్నాడు. అతని కళ్లలో నీళ్లు.

"రండమ్మా" అంది సూపర్‌వైజరు. "మీ వల్లే ఇదంతా బయటపడింది. మీ పాలు అందరి ముందూ సరైన పద్ధతిలో చూద్దాం. తర్వాత ఆ రెండు గుర్తులూ నేనే కొట్టేస్తాను." క్యాను కోసం చెయ్యి చాపింది.

ఆమె రెండు చేతులతోనూ మూత నొక్కి పట్టుకుంది. ఒక్క మాట చాలు. ఆవుకు బాగోలేదు, ఈ పాలు వద్దులెండి అంటే చాలు. ఎవరూ అనుమానించరు. ఇవ్వాళ ఆమె ఏం చెప్పినా నమ్ముతారు. రేపటి నుంచి మళ్లీ ఫస్టక్క.

"సోమవారం పాలు పరీక్ష చెయ్యండి మేడమ్" అంది.

"అవి ఇప్పుడెక్కడున్నాయమ్మా?"

"కాలవలో. మంగళవారానివీ అక్కడే. అవి తెచ్చి చూడండి. అవి నా పాలు." మూత మీద వేళ్లు తెల్లబడ్డాయి. "ఇవి పనికిరావు. వీటిలో చక్కెర ఉంది. నిన్నటివాటిలోనూ ఉంది. నేనే వేశాను."

అందరికన్నా ముందు తేరుకున్నది పెద్ద కొట్టం ఆయన. "విన్నారా? నేనేమన్నాను? మనిషి చేతివాటం ఎక్కడికి పోతుంది!" అని పగలబడి నవ్వాడు. తన ఇరవై ఆరును ఆ నవ్వు కింద దాచిపెట్టుకున్నాడు. టెస్టరు చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. వాటిని ఏం చెయ్యాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

"ఎందుకు చేశారమ్మా?" అని సూపర్‌వైజరు మెల్లగా అడిగింది.

"నిజం పాలు దిగిపోయాయి కదా" అంది ఆమె. అంతకన్నా చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. క్యాను తీసుకుని, తనే కాలవ దగ్గరికి వెళ్లి, తన చేత్తోనే వంచింది. ఈసారి ఎవరూ అడుగు వెనక్కి వెయ్యలేదు.

సూపర్‌వైజరు ఆమె కార్డు తీసుకుని, రెండు ఎర్ర గుర్తుల మీదా గీతలు కొట్టి, పక్కన సంతకం చేసింది. తర్వాత కలం పట్టుకుని ఆగిపోయింది. "అమ్మా, ఇది మాత్రం నేను రాయకుండా ఉండలేను."

"రాయండి. అది నాదే."

చేయనివాటికి వేసిన రెండూ పోయి, చేసినదానికి వేసిన ఒకటి కార్డు మీద మిగిలింది. కార్డు రద్దు కాలేదు. రేపు పాలు తేవచ్చు, చల్లార్చి తేవాలి, అంతే. కానీ ఆ ఒక్క గుర్తునూ మనస్ఫూర్తిగా వేసినవాళ్లెవరూ లేరు, కాదనగలిగినవాళ్లూ లేరు. వరస పక్క నుంచి ఆమె నడిచి వెళుతుంటే ఎవరూ ఏ పేరుతోనూ పిలవలేదు.

ఇంట్లో అత్తగారు అరుగు మీద కూర్చుని ఉంది. నాలుగు రోజులుగా పని లేని చేతులు ఒళ్లో ఉన్నాయి. కోడలు క్యానుతోనే ఆమె ముందు కూలబడింది. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి, ఏది ముందో తెలియలేదు.

"అత్తయ్యా, క్యానులో నీళ్లు నువ్వు మిగల్చలేదు" అంది చివరికి. "నీళ్లసలు లేనే లేవు. ఊరికే నిన్ను అన్నాను."

"నాకు తెలుసు."

"నేను ఇంకో పని కూడా..." అని మొదలుపెట్టింది. గురువారం ఊడిన డబ్బా మూత చప్పుడు విన్న మనిషికి ఆ మిగతా సగం ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు. అందరి ముందూ నిలబడి అన్న మాట, ఈ ఒక్క మనిషి ముందు నోటికి రాలేదు. తలవంచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ముసలామె చెయ్యి గాలిలో వెతికి, కోడలి తల తాకి, అక్కడి నుంచి భుజం మీదుగా దిగి, క్యాను అంచు దొరకబుచ్చుకుంది.

"ఇలా ఇవ్వమ్మా" అంది, క్యానును ఒళ్లోకి లాక్కుంటూ. "తీపికి చీమలు పడతాయి."